నాన్న నోరు విప్పని పదిహేడేళ్ల గురించి ఏం రాయాలి?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు పోయి తొమ్మిది నెలలైంది. 1966లో పంతొమ్మిదేళ్ల వయసులో మిలిట్రీలో చేరారు. మద్రాస్ సాపర్స్‌లో పదిహేడేళ్లు చేసి, 1983లో హవల్దారుగా ఇంటికొచ్చారు. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకులో గార్డు ఉద్యోగం, దాంతోపాటే ఎకరంన్నర పొలం. ఇద్దరు మేనత్తల పెళ్లిళ్లు, మా ముగ్గురి చదువులు ఆయన రెక్కల కష్టం మీదే జరిగాయి. సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలని నా కోరిక. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు. యుద్ధం గురించి ఆయన ఎన్నడూ ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే “అయిపోయిందమ్మా” అని లేచి వెళ్లిపోయేవారు. తమ్ముడేమో “ఢాకాలో పాకిస్తాన్‌ను లొంగదీసిన వీరుడు” అని ఫ్లెక్సీ వేయించి, పుస్తకానికీ అదే పేరు పెడదామంటున్నాడు. గోడ మీది ఫ్రేములో నాలుగు పతకాలున్నాయి, ఒకదాని మీద హిందీలో పశ్చిమీ స్టార్ అని ఉంది. అమ్మని అడిగితే “ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు, నేను చెప్పడానికి” అంటోంది. నాకు తెలిసినవన్నీ చిన్న చిన్నవే. గేదె పలుపుకి ఆయన వేసిన ముడి ఎంత గుంజినా జారేది కాదు, ఆయన మాత్రం ఒక్క లాగుతో విప్పేసేవారు. గట్టు మీద పిల్లల్ని ముందు నడవనిచ్చేవారు కాదు, చేతికర్రతో నేల పొడుచుకుంటూ తనే ముందు నడిచేవారు. నైట్ డ్యూటీ నుంచి రాగానే బూట్లు తుడిచి, పేపర్లో చుట్టి పెట్టి, ఆ తర్వాతే కాఫీ. ఇవి పుస్తకానికి సరిపోతాయా? ఆయనతోపాటు చేరిన పక్కూరి బాబాయిగారు ఒకరు ఇంకా ఉన్నారు కానీ చెవులు సరిగా వినపడవు.
— పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఢాకా సంగతి తేల్చుకుందాం. ఫ్లెక్సీ ప్రింటయ్యాక ఇక ఎవరూ దిద్దలేరు.

1971 డిసెంబరు 3న మొదలైన ఆ యుద్ధం రెండు వైపులా నడిచింది. తూర్పున డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. దాదాపు 93 వేల మంది మన చేతికి చిక్కారు. మనందరికీ గుర్తున్న ఫొటో అదే. పశ్చిమాన కశ్మీరు నుంచి రాజస్థాన్ ఎడారి దాకా ఇంకో యుద్ధం నడిచింది, అది ఆగేసరికి 17వ తేదీ రాత్రయింది. తూర్పు రంగంలో పనిచేసిన వాళ్లకి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో పనిచేసిన వాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. మీ ఫ్రేములో ఉన్నది పశ్చిమీ స్టార్. మిగతా మూడింట్లో పూర్వీ స్టార్ లేకపోతే నాన్నగారిని ఢాకాలో నిలబెట్టడానికి మీ దగ్గర ఆధారమేదీ లేదు. మీ చుట్టుపక్కల మాజీ సైనికులకు కొదవ లేదు. మిలిటరీ మాధవరం అని జనం పిలుచుకునే ఊరు తాడేపల్లిగూడెం మండలంలోనే ఉంది. సంవత్సరీకానికి వచ్చిన వాళ్లలో ఒక్క పెద్దాయన ఆ ఫ్రేము చూసి, పక్కనే ఫ్లెక్సీ చదివితే చాలు, నాన్నగారి మిగతా జీవితం మీద కూడా అనుమానం పడుతుంది. చెయ్యని పని అంటగట్టి, చేసిన పనిని సందేహంలో పడేయడం ఆయనకు అన్యాయం.

తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. నాన్న గురించి పెద్ద మాట చెప్పాలని ఆ అబ్బాయికీ ఉంది, చెప్పడానికి దొరికింది ఆ ఒక్క ఫొటోయే. ఫ్లెక్సీ మీద పేరు, దాని కింద “హవల్దారు, మద్రాస్ సాపర్స్, 1966–1983. 1971 యుద్ధం, పశ్చిమ రంగం” అని వేయించండి. సైన్యంలో పనిచేసినవాడు ఎవరైనా ఆ రెండు వరుసలు చదివి ఆగుతాడు.

ఎందుకు ఆగుతాడో తమ్ముడికి వివరంగా చెప్పండి. మద్రాస్ సాపర్స్ 1780 నుంచి ఉన్న దళం. వాళ్ల కేంద్రం బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన ఉంది. సైన్యంలో వాళ్లని ముద్దుగా ‘తంబి’లంటారు. నీళ్లు అడ్డొస్తే వంతెన వెయ్యడం, దారి లేనిచోట దారి తియ్యడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు ఏరడం వాళ్ల పని. పశ్చిమ రంగంలో సాపర్లకి ఎక్కువగా ఎదురైంది ఆ చివరిదే. పాకిస్తాన్ వైపున్న షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర టాంకులు అవతలికి వెళ్లాలంటే ముందు సాపర్లు మందుపాతరల మధ్య సందు చెయ్యాలి. వాళ్లు ఆ పనిలో సగంలో ఉండగానే, అవతలి ఒడ్డున మనవాళ్లకి సాయం అవసరమై, మిగతా పాతరల మీదుగానే టాంకుల్ని తోలుకెళ్లారు. ఆ యుద్ధంలోనే ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందాడు. నాన్నగారు బసంతర్‌లో ఉన్నారని నేననడం లేదు. పశ్చిమ రంగం పొడుగునా సాపర్లు ఉన్నారు, ఆయన యూనిట్ ఎక్కడుందో తెలిసేదాకా ఆ పేరూ పుస్తకంలోకి రాకూడదు. పశ్చిమ రంగంలో సాపర్‌గా ఉండటం అంటే ఎలాంటి పనో తెలియడానికి చెప్పాను, అంతే.

మందుపాతర ఏరే మనిషి బోర్లా పడుకుని, చేతిలోని సన్నటి మొనను మట్టిలోకి ఏటవాలుగా దించుతాడు. నిట్టనిలువుగా గుచ్చితే పైనుంచి బరువు పడి పేలుతుంది. అందుకే అది పక్కనుంచి తగలాలి. ఏదో గట్టిగా తగిలిందంటే మట్టి చేత్తో తీస్తాడు. మళ్లీ కాస్త ముందుకు జరుగుతాడు. మీ ఉత్తరంలో చేతికర్ర సంగతి చదివాక నా ఆలోచన నేరుగా అక్కడికే పోయింది, మీదీ ఎప్పుడో ఒకప్పుడు పోయే ఉంటుంది. అయినా ఆ రెంటినీ కలిపి రాయకండి. గోదావరి జిల్లాల గట్ల మీద పాముల కోసం కర్ర తట్టకుండా నడిచే రైతు లేడు. ఆయనది ఆ భయమే అయ్యుండొచ్చు. “పిల్లల్ని ముందు నడవనిచ్చేవారు కాదు, కర్రతో నేల పొడుస్తూ తనే ముందు నడిచేవారు” అన్న మీ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి వదిలెయ్యండి. ఆయన చెప్పదలుచుకోని దాన్ని మన ఊహతో పూడ్చే హక్కు కన్నబిడ్డలకు కూడా లేదని నా నమ్మకం. “అయిపోయిందమ్మా” అనేవారని కూడా అలాగే రాయండి. ఎప్పుడు అనేవారు, ఎలా లేచి వెళ్లేవారు, వెళ్లి ఏ పని అందుకునేవారు అన్నది రాయండి. అది కూడా నాన్నగారి జీవితమే.

ముడి సంగతి వేరు, అక్కడ మీకు నేల గట్టిగా ఉంది. తాళ్లు, ముడులు, దుంగల్ని కలిపి బిగించడం సాపర్ల శిక్షణలో పాఠం. దుంగల వంతెన నిలవాలన్నా, సామాను ఏరు దాటాలన్నా ముడి జారకూడదు, పనయ్యాక చప్పున ఊడిరావాలి. గేదె పలుపుకి కావలసిందీ అదే కదా. ఆ ముడి వెయ్యడం ఎవరికైనా నేర్పారా? తమ్ముడికి గానీ, మీ పాలేరుకి గానీ, గేదెలు తోలే కుర్రాడికి గానీ వచ్చేమో కనుక్కోండి. వస్తే అంచెలంచెలుగా ఫొటోలు తీసి పుస్తకంలో ఒక పేజీ నిండా వేయండి. మనవలు ఆ పేజీ చూసి తాడు పట్టుకుని ప్రయత్నిస్తారు. నా మటుకు ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైన పేజీ అదే.

ఇక కాగితాలు. ట్రంకుపెట్టె తెరిచి ముందు డిశ్చార్జి బుక్ బయటికి తియ్యండి. చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, ట్రేడు, చేసిన కోర్సులు, వచ్చిన పతకాలు, భార్యాపిల్లల వివరాలు అందులో ఉంటాయి. నడవడిక ఎలాంటిదో ఒక్క మాటలో రాసే చోటు కూడా ఉంటుంది. అక్కడ ‘ఎగ్జెంప్లరీ’ (ఆదర్శప్రాయం) అని కనపడితే దాన్ని పుస్తకంలో పెద్ద అక్షరాల్లో వేసుకోండి, ఆ మాట పై అధికారులు ఊరికే రాయరు. ఫ్రేము విప్పి ఒక్కో పతకం అంచు మీద, స్టార్ అయితే వెనక వైపు, టార్చి లైటు వేసి చూడండి. నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. పతకం అందుకునే నాటికి ఆయన సాపరా, నాయకా అన్నది ఆ రాతే చెబుతుంది. మిగతా మూడింట్లో సైన్య సేవా పతకం ఉంటే రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాని మీద జమ్మూ కశ్మీర్, హిమాలయ, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) లాంటి ప్రాంతం పేరు ఉంటుంది. ఆయన ఎక్కడెక్కడ చలికి వణికారో దాన్ని బట్టి కొంత తెలుస్తుంది.

పాత ఉత్తరాలు ఉంటే కవరు వెనక చూడకుండా పక్కన పెట్టకండి. కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే ఢిల్లీ మీదుగా నడిచిన టపా, 99 ఏపీఓ అని ఉంటే కలకత్తా మీదుగా నడిచింది. ఉత్తరం తేదీనీ ఈ నంబరునీ పక్కపక్కన వేసుకుంటూ పోతే ఏ ఏడు ఏ దిక్కున ఉన్నారో కొంత తెలుస్తుంది. మనియార్డరు కూపన్లు దొరికితే ఇంకా అదృష్టం. వాటి అడుగున రెండు మూడు వరుసలు రాయడానికే చోటుండేది. అంత తక్కువ చోటులో ఆయన ఏం రాయాలనుకున్నారో చూడండి. ఎవరి పెళ్లికో ఇంత, ఎరువులకి ఇంత అని లెక్క ఉంటే ఆ కూపన్‌ని ఫొటో తీసి యథాతథంగా అచ్చు వేయండి. యూనిట్ పేరు ఎక్కడా దొరక్కపోతే ఆయన సైనిక నంబరు, మరణ ధ్రువపత్రం నకలు జతచేసి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అధికారిక పేరు) రికార్డ్స్ ఆఫీసుకి అమ్మ సంతకంతో దరఖాస్తు పెట్టండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దరఖాస్తు ఎలా రాయాలో చెబుతారు. జవాబు రావడానికి టైము పడుతుంది కాబట్టి ఈ వారంలోనే పంపండి.

ఒక జాగ్రత్త. డిశ్చార్జి బుక్‌ని దాచాలన్న ఆత్రంతో లామినేషన్ చేయించకండి, ఒకసారి అంటుకుంటే ఇక ఊడదు. పతకాలకి మెరుపు కోసం పాలిష్ రుద్దకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. పుస్తకంలో సైనిక నంబరు, పెన్షన్ ఆర్డరు నంబరు, ఆధార్ కనపడేలా కాగితాల ఫొటోలు వేయొద్దు. పెన్షన్ తీసుకునే ఆడవాళ్లకి ఫోన్లు చేసి మోసం చేసేవాళ్లు ఇలాంటి వాటి కోసమే చూస్తుంటారు. అన్నట్టు, అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా? మీరు రాయలేదు. నాన్నగారు పోయిన సంగతి రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్‌లో నమోదు కాకపోతే, డిశ్చార్జి బుక్‌లో అమ్మ పేరు తప్పుగా ఉంటే, పుస్తకం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కూడా అప్పుడే సరిచూసుకోండి. ఆయన పదిహేడేళ్లు సంపాదించి పెట్టింది అదే.

ఇప్పుడు అమ్మ దగ్గరికి వద్దాం. “ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు” అన్న మాట దగ్గర మీరు ఆగిపోయారు. అమ్మ అధ్యాయం అక్కడే మొదలవుతుంది. సైనికుడికి ఏడాదికి రెండు నెలలు వార్షిక సెలవు, ఇంకో నెల కాజువల్ లీవు. అదీ దొరికితేనే. అందులో ఉత్తరాది సరిహద్దు నుంచి మన జిల్లాకి రైళ్లు మారుతూ రావడానికీ పోవడానికీ కొన్ని రోజులు ఖర్చు. పెళ్లయిన ఏడాది నుంచి 1983 దాకా లెక్క కట్టండి. ఆ దంపతులు ఒకే కప్పు కింద ఉన్నది ఏ మాత్రం? మిగతా కాలమంతా అత్తమామల్ని, ఆడపడుచుల్ని, పిల్లల్ని, పొలాన్ని, కాలువ నీటి వంతుని నెత్తిన వేసుకుని నడిపింది అమ్మ. కుటుంబం కోసం పాటుపడిన మనిషని ఆయన్ని తలుచుకునేటప్పుడు, ఆ కుటుంబం ఆయన కోసం చెక్కుచెదరకుండా నిలబడింది అమ్మ వల్లనేనని అచ్చులో ఉండాలి. ఆ మాటలో చేదు ఉన్నా ఉండనివ్వండి. అచ్చు వెయ్యబోయే ముందు మాత్రం ఆవిడకి చదివి వినిపించి, సరేనంటేనే వేయండి.

“నాన్న గురించి చెప్పమ్మా” అంటే ఎవరూ చెప్పలేరు. ఒక ఫొటో చేతికిచ్చి అడగండి. ఈ చొక్కా ఎవరు కుట్టారు, పక్కనున్నది ఎవరు, ఫొటో ఏ స్టూడియోలో తీయించుకున్నారు? 1971 డిసెంబరులో నువ్వెక్కడున్నావమ్మా, రేడియో ఎవరింట్లో ఉండేది, తెలుగు వార్తలు ఎవరు విని చెప్పేవారు, టెలిగ్రాము వాడు వీధిలోకి వస్తే ఏమయ్యేది? సెలవుకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలోంచి మొదట ఏం తీసేవారు? వెళ్లే రోజు ఏం వండేదానివి, స్టేషను దాకా ఎవరెళ్లేవారు? వంటింట్లో కూర తరుగుతూ అడగండి. ఫోను రికార్డింగులో పెట్టిన సంగతి ముందే చెప్పండి. ఒక్క పూటలో అన్నీ రాబట్టాలని చూడొద్దు.

బ్యాంకు ఉద్యోగం గురించి మీరు ఒక్క వరుసలో తేల్చేశారు. అమ్మా, అది సైన్యంలో చేసినదాని కంటే ఎక్కువ కాలం. యుద్ధానికి పతకం ఉంటుంది కానీ, పిల్లల ఫీజు కోసం ఏళ్ల తరబడి రాత్రిళ్లు మెలకువగా కూర్చున్న మనిషికి ఎవరూ పతకం ఇవ్వరు. కష్టజీవి, త్యాగమూర్తి అని విశేషణాలు రాయకండి, అవి ఏ శ్రద్ధాంజలి ప్రకటనలోనైనా ఉంటాయి. ఒక్క రోజు రాయండి. సాయంత్రం ఎన్ని గంటలకి సైకిలెక్కేవారు, క్యారేజీలో ఏముండేది, చలికాలం ఏం కప్పుకునేవారు, పొద్దున్న వచ్చి బూట్లు పేపర్లో చుట్టాక పొలానికి ఎన్నింటికి వెళ్లేవారు, నిద్ర ఏ వేళప్పుడు, ఆయన పడుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదన్న నియమం ఉండేదా? ఆ నిద్ర గంటలు కూడి చూపిస్తే మేనత్తల పెళ్లిళ్లు, మీ చదువులు ఎలా జరిగాయో చదివినవాళ్లకి తెలిసిపోతుంది. ఆ బ్యాంకులో ఆయనతో పనిచేసిన క్యాషియరో అటెండరో ఊళ్లో ఉంటే వాళ్లతో ఒక పేరా చెప్పించుకోండి. ఇంటివాళ్లు చూడని నాన్న వాళ్లకి తెలుసు.

ఆయనంటే ఇంట్లో భయం ఉండేదా, కోపిష్ఠి మనిషా? ఉంటే దాచకండి, ఒక సంఘటనతో సరిపెట్టండి. తమ్ముడికి ఒక పేజీ పూర్తిగా వదిలేసి, నాన్నతో తనకి గుర్తున్న ఒక్క రోజు రాయమనండి. ఢాకా ఊసెత్తకుండా రాయమనండి. ఆ పేజీలో మీరు వేలు పెట్టొద్దు. మేనత్తలు ఇద్దరూ ఉన్నారు కదా, పెళ్లినాటికి అన్నయ్య సెలవు దొరికి వచ్చాడా లేదా అన్నది వాళ్లే చెప్పాలి.

పుస్తకం పాతిక పేజీలు దాటనివ్వకండి. ప్రతి ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు, ఊరు, ఏడాది వేయండి. పేరు తెలియని మనిషి ఉంటే చోటు ఖాళీగా ఉంచండి, సంవత్సరీకానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు పోలుస్తారు. వెనక మూడు నాలుగు తెల్ల పేజీలు వదిలి, చుట్టాలు తమకి గుర్తున్నది పెన్నుతో రాసి ఇచ్చేలా కొన్ని ప్రతులు విడిగా ఉంచండి.

ఇవన్నీ ఎలాగోలా అవుతాయి. ఆలస్యమైతే పుస్తకాన్ని వచ్చే తద్దినానికి వేసుకోవచ్చు. పక్కూరి బాబాయిగారి దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే వెళ్లండి. నాన్నగారితో చేరారంటే ఆయనకీ ఎనభై దగ్గర పడి ఉంటాయి. చెవులు వినపడవు కాబట్టి ప్రశ్నలు తెల్లకాగితం మీద లావుగా రాసి తీసుకెళ్లండి. పతకాల ఫ్రేమూ పాత ఫొటోలూ వెంట ఉండాలి. యుద్ధం గురించి ముందు అడగొద్దు. బెంగళూరులో శిక్షణప్పుడు ఏం తినేవారు, హిందీ రాక ఏం తిప్పలు పడ్డారు, నాన్నకి పక్క మంచం ఎవరిది, సెలవుకి ఇద్దరూ కలిసి వచ్చేవారా అని అడగండి. మిగతాది ఆయనకి చెప్పాలనిపిస్తే చెబుతారు. తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.